పడవ ఎక్కేముందు అమ్మ అడగాల్సిన మాట

సెలవులు వస్తున్నాయంటే చాలు, ఇంట్లో పిల్లలు మన ప్రాణాలు తోడేస్తారు. తిరుపతి చూసేశాం, అరకు చూసేశాం, హైదరాబాదు జూ చూసేశాం, ఇంకేముంది అంటారు. టీవీలో సముద్రం మీద ఎగిరి పడే తిమింగలాల్నీ, డాల్ఫిన్లనీ చూసిన పిల్లలైతే "అమ్మా, వాటిని నిజంగా చూడాలి" అని పట్టుబడతారు. ఇదేమీ తీరని కోరిక కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు వాళ్లకి పూరీ యాత్రలోనే ఇది కలిసొస్తుంది. ఒకరోజు జగన్నాథుడి దర్శనం, మర్నాడు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న సాతపడా. అక్కడ పడవెక్కితే చిలకా సరస్సులో డాల్ఫిన్లు. ఇక కూతురి పురిటికో, మనవడి పుట్టినరోజుకో అమెరికా వెళ్లే మన అమ్మమ్మలూ, నానమ్మలూ ఉన్నారు. బోస్టన్ వైపు వెళ్లినవాళ్లని పిల్లలు ఒక ఆదివారం పెద్ద పడవెక్కించి తిమింగలాల్ని చూపించి తీసుకొస్తారు.

వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. సముద్రాన్నీ, అందులో బతికే ప్రాణుల్నీ పిల్లలకి చూపించడం కంటే మంచి సెలవు నాకు తెలీదు. అయితే ఆ పడవలో అమ్మ పని ఏమిటన్నదే నేను ఇవాళ అడుగుతున్నాను. సాధారణంగా ఏం జరుగుతుంది? మంచినీళ్ల సీసా అమ్మ దగ్గరే, పులిహోర డబ్బా అమ్మ దగ్గరే, చంటిది అమ్మ ఒళ్లోనే. ఎవరికి వాంతి వచ్చినా కవరు పట్టుకునేది అమ్మే. ఎంత దగ్గరికి వెళ్లాలి, ఎంతసేపు ఉండాలి, ఎంతమంది ఎక్కాలి అన్న మాటలు మాత్రం మగవాళ్లూ, పడవ నడిపే అతనూ మాట్లాడుకుంటారు. ఆ మాటల్లో మనం కల్పించుకోం. కల్పించుకుంటే "నీకన్నీ భయాలే" అంటారని ఊరుకుంటాం. కానీ ఆ రెండు మూడు గంటల్లో పిల్లలు క్షేమంగా ఉండాలన్నా, వాళ్లు నేర్చుకోవలసింది నేర్చుకోవాలన్నా ఆ మాటల్లో మన మాట ఉండి తీరాలి.

ముందు ఆ జీవి ఎవరో తెలుసుకుందాం. చిలకాలో ఉండేవి ఐరావదీ డాల్ఫిన్లు. బర్మాలోని ఐరావతీ నది పేరు వాటికి వచ్చింది. కానీ శాస్త్రలోకం వాటిని మొట్టమొదట గుర్తించింది బర్మాలో కాదు, మన విశాఖపట్నంలో! అమరావతి శిల్పాల్ని తవ్వించి మద్రాసుకి చేర్చిన వాల్టర్ ఎలియట్ దొర గురించి చాలామంది వినే ఉంటారు. ఆయనకి 1852లో విశాఖ రేవులో ఈ జాతి జీవి ఒకటి దొరికింది. దాని ఆధారంగానే ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త 1866లో దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు. అంటే ఒక రకంగా ఇది మన ఊరి ఆడపడుచే. ఇవాళ చిలకాలో వీటి సంఖ్య నూట యాభై అటూ ఇటూగా ఉంది. ఒక పెళ్లి పందిట్లో ఒక్క బంతికి కూర్చునే జనం కంటే తక్కువ! ప్రపంచం మొత్తం మీద అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాతుల్లో దీన్ని చేర్చారు. మన వన్యప్రాణి రక్షణ చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే ఉంది.

టీవీలో చూసిన డాల్ఫిన్‌కీ దీనికీ పోలిక ఉండదు. దీనికి పొడవాటి ముక్కు ఉండదు. గుండ్రటి తల, వీపు మీద చిన్న రెక్క, బూడిద రంగు ఒళ్లు. పెద్దగా ఎగరదు, పల్టీలు కొట్టదు. ఊపిరి కోసం నీటిపైకి వస్తుంది, "ఫూ" మని ఒక్క నిట్టూర్పు విడుస్తుంది, మళ్లీ మునిగిపోతుంది. మనం "అదిగో" అనేలోపే అది ఉండదు. ఇక్కడే చిక్కంతా వస్తుంది. పిల్లలు "ఇంతేనా?" అంటారు. పెద్దవాళ్లకీ ఖర్చు పెట్టిన డబ్బు గుర్తుకొస్తుంది. అప్పుడు పడవ నడిపే అతని వైపు తిరిగి "ఇంకా దగ్గరికి పోనీ" అంటారు.

ఒక జనవరిలో రెండు కుటుంబాలం కలిసి సాతపడా వెళ్లినప్పుడు సరిగ్గా ఇదే చూశాను. అయిదారు పడవలు ఒకే చోట గిరగిరా తిరుగుతున్నాయి. ఎక్కడ వీపు కనబడితే అక్కడికి అన్నీ ఒక్కసారే పరుగు. మా పడవలోనే ఎక్కిన వేరే ఊరాయన ఒకరు వంద రూపాయల నోటు తీసి ఊపుతూ "చలో, చలో" అంటున్నాడు. పడవ అతను వేగం పెంచాడు. డాల్ఫిన్లు మునిగాయి, మళ్లీ తేలలేదు. మా ఆడపడుచు కూతురు, ఎనిమిదేళ్లది, నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"అత్తయ్యా, అవి మనల్ని చూసి దాక్కున్నాయా?"

నేను జవాబు చెప్పేలోపే మా ఆడపడుచు లేచి, తనకొచ్చిన హిందీలో "భయ్యా, ఇంజన్ బంద్ కరో" అంది. ఆ వంద నోటాయన గొణిగాడు. "మీకు వద్దంటే మేం కూడా చూడొద్దా?" అన్నాడు. తను మాత్రం తొణకలేదు. "కాసేపు ఆగి చూద్దామండీ, పిల్లలున్నారు" అంది. ఇంజను ఆగింది. మిగతా పడవల చప్పుడు దూరమైంది. పది నిమిషాలో, పావుగంటో ఏమీ లేదు. పిల్లలు నీళ్లలో చేతులు పెట్టి ఆడుకోబోతే లోపలికి లాగాం. ఆ తర్వాత మా వెనకవైపు నుంచి ఆ నిట్టూర్పు వినపడింది. తిరిగి చూస్తే కొంచెం దూరంలో ఒక పెద్ద వీపు, దాని పక్కనే చిన్నది. వంద నోటాయన కూడా నోరు మెదపకుండా చూస్తూ కూర్చున్నాడు.

డబ్బులిచ్చి దగ్గరికి పోనిమ్మనడం ఎందుకు తప్పో పిల్లలకి వివరంగా చెప్పాలి. వాళ్లకి అర్థమవుతుంది. డాల్ఫిన్‌కి చెవే కన్ను. చిలకా నీళ్లు మట్టిగా ఉంటాయి, కంటికి ఎంతో దూరం ఆనదు. అది సన్నని శబ్దాలు పంపి, అవి తగిలి తిరిగి వచ్చే తీరునుబట్టి చేప ఎక్కడుందో, పిల్ల ఎక్కడుందో తెలుసుకుంటుంది. అయిదారు ఇంజన్లు మీదికొచ్చి మోగితే దాని సంగతి, పెళ్లివారి బ్యాండు మధ్య బిడ్డ ఏడుపు వినపడని తల్లి సంగతి లాంటిదే. పైగా అది మనలాగే గాలి పీల్చే జీవి, చేప కాదు. ఊపిరికి పైకి రావలసిందే. వచ్చినప్పుడల్లా మీద పడవ ఉంటే, దాని రెక్క తగిలి గాయపడుతుంది. చిలకాలో ఇవి చచ్చిపోవడానికి చేపల వలల్లో చిక్కుకోవడం, పడవల రెక్కలు తగలడం రెండూ కారణాలే. ఏడాదికి పైగా మోస్తేగాని ఒక్క పిల్ల పుట్టదు. నూట యాభైలో ఒక తల్లి పోతే ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది.

అలాగని పడవ అతన్ని తిట్టి లాభం లేదు. ఆ పడవలు నడిపేవాళ్లలో చాలామంది ఆ సరస్సు మీద చేపలు పట్టి బతికిన కుటుంబాల వాళ్లు. డాల్ఫిన్ కనబడకపోతే యాత్రికులు గొడవ చేస్తారు, డబ్బు తగ్గించమంటారు. దగ్గరికి తీసుకెళితే పైన మరో వంద ఇస్తారు. ఆయన్ని తరమమంటున్నది మన నోటే. మనం వెళ్లడం మానేస్తే ఆయన పొట్ట కొట్టినట్టు. వెళ్లి, "తరమొద్దు, కనబడకపోయినా నీ డబ్బు నీకే" అని ముందే చెబితే ఆయన బతుకూ నిలుస్తుంది, డాల్ఫినూ బతుకుతుంది. ఇచ్చే బహుమతి ఏదో ఇంజను ఆపినందుకు ఇవ్వండి.

ఈ ఓపిక నేర్పితే ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పడానికి అమెరికాలోని మాసచూసెట్స్ తీరం మంచి ఉదాహరణ. ఒకప్పుడు ఆ తీరంలోని న్యూ బెడ్‌ఫర్డ్, నాన్‌టకెట్ రేవుల నుంచి ఓడలు బయల్దేరేది తిమింగలాల్ని చంపి, వాటి కొవ్వు కాచి దీపాలకి నూనె తీయడానికి. అదే రాష్ట్రంలోని ప్రావిన్స్‌టౌన్ నుంచి 1975లో తిమింగలాల్ని చూపించే పడవ బయల్దేరింది. వ్యాపారం కోసం తిమింగలాల్ని చంపడం మీద 1986 నుంచి అంతర్జాతీయ నిషేధం అమల్లోకి వచ్చింది. 1992లో ఆ తీరం ఎదుట ఉన్న స్టెల్‌వాగన్ బ్యాంక్ అనే సముద్ర ప్రాంతాన్ని జాతీయ అభయారణ్యంగా ప్రకటించారు. చంపడం కంటే చూపించడంలోనే బతుకుతెరువుందని ఆ ఊళ్లు తెలుసుకున్నాయి. అక్కడ రైట్ వేల్ అనే తిమింగలాలు నాలుగు వందల లోపే మిగిలాయి కాబట్టి, వాటికి అయిదు వందల గజాల లోపు ఏ పడవా వెళ్లకూడదని చట్టమే ఉంది. తిమింగలం కనబడని రోజున, మరోసారి ఉచితంగా రమ్మని చీటీ ఇచ్చే కంపెనీలూ అక్కడ ఉన్నాయి. తరమాల్సిన అవసరమే లేకుండా చేశారన్నమాట.

ఆ నీళ్లలో కనిపించే హంప్‌బ్యాక్ తిమింగలాల్లో "సాల్ట్" అనే ఆవిడ ఒకామె ఉంది. ఆవిడ అనే అంటాను, ఎందుకంటే ఆమె ఎందరికో తల్లి, అమ్మమ్మ కూడా. వీపు మీది రెక్కకి ఉప్పు చల్లినట్టు తెల్లటి మచ్చలుంటాయని 1970ల్లో పడవ నడిపేవాళ్లు ఆ పేరు పెట్టారు. ఈ జాతిలో ప్రతి తిమింగలానికీ తోక అడుగున నలుపు తెలుపుల గుర్తు మన వేలిముద్రలాగా వేరువేరుగా ఉంటుంది. అలా గుర్తుపట్టి, పేరు పెట్టి, ఆమె కాన్పులన్నీ రాసుకుంటూ వచ్చారు. 1980లో మొదటి బిడ్డతో కనిపించింది. ఆ తర్వాత పదిమందికి పైగా కన్నది.

మన ఆడవాళ్లకి నచ్చే సంగతి మరొకటి ఉంది. ఈ తిమింగలాలు చలికాలం రాగానే రెండు వేల కిలోమీటర్లకు పైగా దక్షిణానికి, కరీబియన్ వెచ్చని నీళ్లకి వెళ్లి అక్కడ ప్రసవిస్తాయి. పదకొండు నెలలకి పైగా మోసి కన్న బిడ్డ పుట్టేసరికే పదమూడు, పధ్నాలుగు అడుగులుంటుంది. కానీ ఆ వెచ్చని నీళ్లలో తల్లికి దాదాపు తిండే దొరకదు. నెలల తరబడి ఉపవాసం ఉంటూ, ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగించి బిడ్డకి చిక్కటి పాలిస్తుంది. వసంతంలో బిడ్డని పక్కన పెట్టుకుని మళ్లీ అంత దూరమూ ఈదుకుంటూ ఉత్తరానికి తీసుకొస్తుంది. ఆ ఒక్క ప్రయాణంలో తల్లి వెంట వచ్చిన దారినే బిడ్డ నేర్చుకుంటుంది. పెద్దయ్యాక ఏటేటా అదే చోటికి తిరిగి వస్తుంది. తండ్రి ఈ ప్రయాణంలో ఎక్కడా కనిపించడు! బోస్టన్‌లో పడవెక్కే మన అమ్మమ్మలు మనవలకి ఈ కథ చెప్పొచ్చు. అన్నట్టు, అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తిమింగలాలు కనిపిస్తాయి. ప్రయాణం మూడు నాలుగు గంటలు పడుతుంది. మండు వేసవైనా నడిసముద్రంలో చలి కొరికేస్తుంది. చీర మీద స్వెట్టరూ, చెవులకి మఫ్లరూ మరిచిపోకండి.

ఇక అసలు భయం సంగతి. నీళ్ల మీద జరిగే ప్రమాదాలు మనకి కొత్త కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూద్దామని గోదావరిలో బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగితే దాదాపు యాభై మంది తిరిగి రాలేదు. 2017 నవంబరులో కృష్ణలో, పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడింది. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది చనిపోతే, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. 2024 జనవరి 18న వడోదరలో హరణి చెరువుకి విహారానికి వెళ్లిన బడిపిల్లలు 12 మందీ, ఇద్దరు టీచర్లూ పోయారు. ఇవన్నీ సెలవు గడపడానికి, సరదాగా వెళ్లిన ప్రయాణాలే. ప్రతిసారీ ఎక్కువమందిని ఎక్కించారా, జాకెట్లు ఉన్నాయా అని తర్వాత విచారిస్తారు. ఆ ప్రశ్నలు రేవులో, ఎక్కేముందు అడగవలసినవి.

ఏం అడగాలి? ఈ పడవలో ఎంతమంది ఎక్కొచ్చని అడగండి. అంతకంటే ఒక్కరు ఎక్కువున్నా దిగిపోండి, డబ్బు పోతే పోయింది. పిల్లల కొలతకి సరిపోయే లైఫ్ జాకెట్ కావాలని అడగండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లవాడికి తొడిగితే నీళ్లలో పడగానే అది పైకి జారిపోతుంది, పిల్లవాడు కిందికి జారిపోతాడు. బెల్టులన్నీ బిగించి, జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే అది ఆ బిడ్డకి పనికిరాదు. చంటిబిడ్డని మీ జాకెట్ లోపల పెట్టి కట్టుకోవద్దు. సరిపోయే జాకెట్ లేకపోతే ఆ చంటిదానితో ఒకరు ఒడ్డున ఉండిపోవాలి. ఆ ఒకరు ప్రతిసారీ అమ్మే కానక్కర్లేదు, ఆ మాట కూడా ఎక్కేముందే తేల్చుకోండి! ఉక్కగా ఉందని, ఫొటోలో చీర కనబడదని మీ జాకెట్ తీసేయకండి. మీరు తీస్తే పిల్లలూ తీసేస్తారు.

నాటు పడవల్లో ఇంజను, తిరిగే కడ్డీ మూత లేకుండా బయటికే ఉంటాయి. కొంగు నడుముకి దోపుకోండి, చున్నీ ముడివేసుకోండి, ఆడపిల్లల జడలు పైకి కట్టండి. "అదిగో" అనగానే అందరూ ఒకే పక్కకి లేవకూడదని పిల్లలకి ముందే చెప్పండి. పడవ ఒరిగేది అప్పుడే. కూర్చుని చూసినా డాల్ఫిన్ కనబడుతుంది. పొద్దున్నే నూనె వస్తువులు కాకుండా ఇడ్లీలాంటిది తేలిగ్గా పెట్టండి. కడుపులో తిప్పేవాళ్లకి మాత్ర డాక్టరుని అడిగి ప్రయాణానికి ముందే వెయ్యాలి, మొదలయ్యాక వేస్తే పనిచెయ్యదు. వాంతి వస్తోందన్న బిడ్డని పుస్తకంలోకో, ఫోనులోకో కాకుండా దూరాన ఆకాశం నీళ్లని కలిసే చోటుకేసి చూడమనండి. చిప్స్ కవర్లు, ఖాళీ సీసాలు మళ్లీ మీ సంచిలోకే రావాలి.

ఇంకొక్క మాట, ఆడపిల్లల గురించి. పడవలో మగపిల్లవాడు అంచున నిలబడితే "ధైర్యం" అంటాం, ఆడపిల్ల నిలబడితే "కూర్చోవే" అంటాం. ఇద్దరూ కూర్చోవలసిందే. కానీ ఇంటికి వచ్చాక ఇద్దరికీ ఈత నేర్పించాలి. మన తరం ఆడవాళ్లలో ఏటి ఒడ్డున పుట్టి పెరిగి కూడా ఈత రానివాళ్లు ఎంతమందో! బట్టలు తడుస్తాయని, ఎవరైనా చూస్తారని, ఒళ్లు నల్లబడుతుందని మాన్పించేశారు. నీళ్లకి ఆ మర్యాదలు తెలియవు. ఇవాళ పట్టణాల్లో ఆడవాళ్లకి, పిల్లలకి వేరే సమయాలు పెట్టే ఈతకొలనులున్నాయి. నాట్యానికి, కంప్యూటరుకి పంపినట్టే ఒక్క వేసవి ఈతకి పంపండి. వీలైతే మీరూ దిగండి.

పడవలో ఉన్నంతసేపూ సంచులు మరొకరికిచ్చి మీరూ చూడండి. మంచినీళ్ల సీసా నాన్న పట్టుకోగలడు, కవరు అన్నయ్య పట్టుకోగలడు. అమ్మ కళ్లు విప్పార్చుకుని నీళ్లకేసి చూడటం చూసిన బిడ్డ తనూ చూస్తుంది. అది ఫొటోలో పడకపోయినా ఫర్వాలేదు. నల్లటి చుక్కలాంటి ఆ వీపు కెమెరాకి ఎలాగూ దొరకదు.

ఈ సెలవుల్లో సాతపడాకో, మరెక్కడికో వెళ్లేవాళ్లు రేవులో డబ్బు చేతికివ్వక ముందే పడవ అతనితో మూడు మాటలు చెప్పండి. పిల్లలకి సరిపోయే జాకెట్లు ఇవ్వాలి. లెక్కకి మించి ఒక్కరినీ ఎక్కించకూడదు. డాల్ఫిన్ కనబడగానే దూరంగా ఇంజను ఆపెయ్యాలి. హిందీ రాకపోతే సైగ చేసి చెప్పండి. పక్కనున్నవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. పిల్లలు వినేటట్టు గట్టిగా చెప్పండి.